తక్కువ డబ్బులో గేమింగ్ కంప్యూటర్: ఎక్కడ తగ్గవచ్చు, ఎక్కడ తగ్గకూడదు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా గేమింగ్ కంప్యూటర్ కావాలని అడిగితే ముందు వినిపించే ప్రశ్న "బడ్జెట్ ఎంత?" అన్నదే. అరవై వేలని చెప్పగానే కొటేషన్ తయారవుతుంది. చాలాసార్లు అందులో ప్రాసెసర్ పేరు పూర్తిగా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు పేరు సగమే ఉంటుంది, భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి వాట్లు తప్ప ఇంకేమీ ఉండదు. కొడుకు చూపు ప్రాసెసర్ మీదా క్యాబినెట్ లైట్ల మీదా ఉంటుంది. తండ్రి చూపు అడుగున వేసిన మొత్తం మీద ఉంటుంది. నాలుగైదేళ్లు నడవాల్సిన యంత్రం మంచిచెడ్డలు తేలేది మాత్రం ఆ రెండింటికీ మధ్యనున్న వరుసల్లో.

డబ్బుకు లోటు లేనివాళ్లకు ఎంపిక పెద్ద పని కాదు, అన్నిట్లోనూ మంచివి తీసుకుంటారు. తక్కువ డబ్బున్నవాళ్లు ఏదో ఒకచోట తగ్గక తప్పదు. కొన్నిచోట్ల తగ్గితే ఆటకు ఏ నష్టమూ ఉండదు. కొన్నిచోట్ల తగ్గితే కొన్న మర్నాటి నుంచే పశ్చాత్తాపం. ఒక్కచోట తగ్గితే మాత్రం మిగిలిన భాగాలన్నీ కాలిపోయే ప్రమాదం ఉంది. బడ్జెట్ కంప్యూటర్ గురించి జరిగే వాదనలన్నీ చివరికి ఈ తేడా దగ్గరికే వస్తాయి కాబట్టి సమీక్ష కూడా ఆ దారిలోనే సాగాలి.

ధరల గురించి ఒక మాట ముందే చెప్పాలి. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దయెత్తున కొనేస్తుండటంతో ర్యామ్ ధరలు రెట్టింపు దాటిపోయాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఏడాది కిందటి వీడియో చూసి, అందులోని అంకెలు రాసుకుని షాపుకు వెళ్లినవాళ్లు నిరాశపడేది ఇందుకే. అందువల్ల ఇక్కడ రూపాయల కన్నా వాటాల లెక్కే ఎక్కువగా వాడుతున్నాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఏ ఆటలు ఆడతారు, ఏ తెర మీద ఆడతారు అన్న రెండు సంగతులు. వాలరెంట్ ఆడే కుర్రాడికీ, సైబర్‌పంక్ 2077 ఆడాలని కలలు కనే కుర్రాడికీ కావలసిన యంత్రాలు వేరు. వాలరెంట్‌ను సెకనుకు 144 ఫ్రేములతో ఆడటానికి దాని తయారీదారు రయట్ చూపించే కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. అది 2016లో వచ్చిన చిన్న కార్డు. అదే 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ ఆటకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉన్న కార్డు లేకపోతే ఆట మొదలే కాదు. ఒకప్పుడు రాజులా వెలిగిన జీటీఎక్స్ 1080 టీఐ కూడా అక్కడ పనికిరాదు. 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్‌దీ అదే నియమం. ఆటలను బట్టి బడ్జెట్ ఇరవై వేలు పెరగవచ్చు, ఇరవై వేలు తగ్గవచ్చు.

తెర సంగతి ఇంకా ఎక్కువమంది మరిచిపోతారు. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపించగలదు. కార్డు 140 ఫ్రేములు తయారుచేసినా కంటికి కనిపించేవి అరవయ్యే. టవర్‌కు డెబ్బై వేలు పోసి, ఇంట్లో పడున్న పాత ఆఫీసు మానిటర్‌కు తగిలించడం నేను చాలాచోట్ల చూశాను. ఆ డబ్బులో కొంత తగ్గించి 1080పీ రిజల్యూషన్, 24 అంగుళాలు, 100 నుంచి 165 హెర్ట్జ్ మధ్య ఐపీఎస్ ప్యానెల్ ఉన్న మానిటర్ తీసుకుంటే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. తక్కువ బడ్జెట్‌కు 1080పీయే సరైన గీత. 1440పీకి పిక్సెళ్లు దాదాపు రెట్టింపు దగ్గరికి వెళతాయి, ఆ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. 4కే గురించి ఈ వ్యాసంలో మాట్లాడటమే అనవసరం.

ఇక గ్రాఫిక్స్ కార్డు. గేమింగ్ కంప్యూటర్‌లో డబ్బు ఎక్కువగా పెట్టాల్సింది ఇక్కడే. టవర్ ఖర్చులో 35 నుంచి 40 శాతం దీనికి పోవాలన్నది నా అభిప్రాయం. అంతకన్నా తక్కువైతే గేమింగ్ అనే పేరు కొటేషన్ మీద మాత్రమే మిగులుతుంది. మోసాలు, పొరపాట్లు ఎక్కువగా జరిగేది కూడా ఈ వరుసలోనే. పాత కంప్యూటర్లు అమ్మే ప్రకటనల్లో "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని గొప్పగా రాసేది చాలావరకు జీటీ 730 గురించి. 2014లో మొదట వచ్చిన ఆ కార్డు పని తెర మీద బొమ్మ చూపించడం, అంతవరకే. ఎన్ని జీబీలున్నా దానికి ఆటను లాగే సత్తా లేదు. మెమరీ ఎంతన్నది రెండో ప్రశ్న. చిప్ ఏదన్నది మొదటి ప్రశ్న.

ఒకే పేరుతో రెండు వస్తువులు అమ్మడం ఈ రంగంలో మామూలైపోయింది. ఆర్టీఎక్స్ 3050 మొదట 2022లో 8 జీబీతో వచ్చింది. 2024లో అదే పేరుతో 6 జీబీ కార్డు వచ్చింది. తగ్గింది మెమరీ ఒక్కటే అనుకుంటే పొరపాటు, లోపలి కోర్లు 2560 నుంచి 2304కు, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96 బిట్లకు తగ్గిపోయాయి. 70 వాట్లతో, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేకుండా నడవడం దానికున్న ఒక మంచి గుణం. పాత ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకునేవాళ్లకు అది పనికొస్తుంది. కొత్త టవర్‌లో పెట్టడానికి మాత్రం దాన్ని నేను సిఫారసు చేయను. 2022లోనే వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీది ఇంకో కథ. అది మదర్‌బోర్డుతో మాట్లాడేది నాలుగే పీసీఐఈ దారుల మీద. బోర్డు పీసీఐఈ 3.0 తరానిదైతే ఆ దారులు సగం వేగంతోనే నడుస్తాయి. 4 జీబీ మెమరీ నిండిపోయిన ప్రతిసారీ ఆట తడబడుతుంది. వీడియో రికార్డింగ్‌కు కావలసిన ఎన్‌కోడర్ కూడా అందులో లేదు. యూట్యూబ్ చానల్ పెట్టాలనుకునే పిల్లలు అది కొని నష్టపోయారు.

అయితే ఏది కొనాలి? కొన్నేళ్లుగా తక్కువ బడ్జెట్ వాళ్లను ఆదుకున్న కార్డు ఏఎండీ ఆర్ఎక్స్ 6600. 2021 అక్టోబర్‌లో వచ్చింది, 8 జీబీ మెమరీ, 132 వాట్లు. ఇండియానా జోన్స్ ఆటకు కనీస అర్హతగా తయారీదారులు పేర్కొన్న ఏఎండీ కార్డు కూడా ఇదే. అంటే ఇంకొన్నాళ్లు దీనికి నూకలున్నాయని అర్థం. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఆర్టీఎక్స్ 4060, ఆర్ఎక్స్ 7600, ఆపైన 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 5060, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో ఇంటెల్ తెచ్చిన ఆర్క్ బీ580 ఈ ధరలో 12 జీబీ మెమరీ ఇవ్వడం వల్ల ఆకట్టుకుంది. కాని దానికి బయోస్‌లో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఆన్‌లో ఉండి తీరాలి. పాత, చిన్న ప్రాసెసర్ పక్కన పెడితే దాని వేగం బాగా పడిపోతుంది. పాత కంప్యూటర్‌కు కొత్త కార్డు వేసుకునేవాళ్లకు అది సరిపడదు.

ప్రస్తుతం గట్టిగా నడుస్తున్న వాదన కార్డుకు 8 జీబీ మెమరీ చాలుతుందా, చాలదా అన్నది. దీని మూలం ప్లేస్టేషన్‌లో ఉంది. పీఎస్5లో 16 జీబీ మెమరీని ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిసి వాడుకుంటాయి. పీఎస్4 తరాన్ని వదిలేసి, కొత్త కన్సోళ్లనే లెక్కలోకి తీసుకుని ఆటలు తయారుచేయడం 2023 నాటికి ఊపందుకుంది. ఆ ఏడాది మార్చిలో కంప్యూటర్‌కు వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1, 8 జీబీ కార్డులను మొదట్లో ముప్పుతిప్పలు పెట్టింది. తర్వాత సవరణలతో కుదుటపడింది గాని రాబోయే రోజులు ఎలా ఉంటాయో అది చూపించింది. అయినా కార్డు తయారీదారులు 2025లో కూడా ఒకే పేరుతో 8, 16 జీబీ కార్డులు రెండూ తెచ్చారు. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీకి అమెరికాలో ప్రకటించిన ధరలు 299, 349 డాలర్లు. ఆర్టీఎక్స్ 5060 టీఐకి 379, 429 డాలర్లు. తేడా యాభై డాలర్లే.

నా తీర్పు ఇది. 1080పీలో, సెట్టింగులు హై నుంచి మీడియం మధ్య పెట్టుకుని ఆడేవాళ్లకు 8 జీబీ ఇవాళ సరిపోతుంది. దానికి ఆర్ఎక్స్ 6600 స్థాయి ధర చెల్లించడం న్యాయమే. కాని కార్డు ఒక్కదానికే ముప్పై వేలు దాటి పెడుతున్నప్పుడు 8 జీబీ తీసుకోకూడదు. చిప్‌కు సత్తా ఉండి, మెమరీ అడ్డుపడితే ఆ డబ్బు సగం వృథా అయినట్టే. ఇంకో కిటుకు కూడా గుర్తుంచుకోవాలి. ఈ తరగతి కార్డుల్లో చాలావాటికి పీసీఐఈ దారులు ఎనిమిదే. మెమరీ నిండాక మిగిలిన సరుకు ఆ దారిలోంచే రావాలి. పాత పీసీఐఈ 3.0 బోర్డు మీద 8 జీబీ కార్డు పెట్టినవాళ్లకు దెబ్బ ఎక్కువ తగిలేది అందుకే.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అనే అప్‌స్కేలింగ్ పద్ధతులు తక్కువ బడ్జెట్ వాళ్లకు నిజమైన వరం. తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెద్దది చేసి చూపించడం వీటి పని. ఈ విషయంలో ఎన్‌విడియా ఒక మెట్టు పైనే ఉంది, ఒప్పుకోవాలి. ఫ్రేమ్ జనరేషన్ మాత్రం వేరే సంగతి. అది మధ్యలో కొత్త ఫ్రేములు పుట్టిస్తుంది, తెర మీద అంకె పెరుగుతుంది. మౌస్ కదిపిన తర్వాత ఆట స్పందించే వేగం పెరగదు. అసలు ఫ్రేములే ముప్పై దగ్గరున్న కంప్యూటర్‌లో దాన్ని ఆన్ చేస్తే ఆట బురదలో నడిచినట్టు ఉంటుంది. ప్రకటనల్లో రెండింతలు, మూడింతలు అని చూపించే పట్టీలు దీన్ని కలుపుకుని వేసినవే.

ప్రాసెసర్ దగ్గర పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత అక్షరాలా వర్తిస్తుంది. "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, పదిహేను వేలే" అని ఆన్‌లైన్‌లో కనిపించేవాటిలో ఉండేది తరచుగా ఐ7-2600 లేదా ఐ7-3770. మొదటిది 2011లో వచ్చింది, రెండోది 2012లో. ఆ రెండూ విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2022లో వచ్చిన నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్ వాటిని సునాయాసంగా దాటిపోతుంది. ఐ3, ఐ5, ఐ7 అన్న అంకె చూసి కాకుండా ఆ తర్వాతి అంకెల్లో తరం ఏదో చూసి కొనాలి.

ఆటలకు ఇవాళ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్ సరిపోతుంది. ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ రెండూ 2022లో వచ్చినవే, ఇప్పటికీ బడ్జెట్ కంప్యూటర్లకు వెన్నెముకలే. బాక్సు ప్యాక్‌లో రెండింటికీ కూలర్ వస్తుంది. విడిగా కూలర్ కొనక్కర్లేదు, లిక్విడ్ కూలర్ ఊసే వద్దు. రైజెన్ 5 5500 కాస్త చౌక గాని దానికి క్యాష్ మెమరీ సగం, పీసీఐఈ 3.0తోనే ఆగిపోతుంది. వెయ్యి, రెండు వేల తేడా అయితే 5600 వైపే మొగ్గాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడై రిపేరుకు పోతే కంప్యూటర్ మూగబోతుంది. చదువుకు కూడా అదే యంత్రం వాడే ఇంట్లో ఎఫ్ లేని చిప్‌కు కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు.

ఏ సాకెట్ మీద కట్టాలన్నది అసలు చిక్కు. ఏఎండీ ఏఎం4 సాకెట్ మీద రైజెన్ 2017లో మొదలైంది. ఆ రోజుల్లో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది ఐదేళ్ల తర్వాత బయోస్ మార్చుకుని 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకోగలిగారు. మధ్యతరగతి ఇంటికి దీనికి మించిన మేలు ఏ కంపెనీ చేయలేదు. ఇప్పుడు ఏఎం4 చివరి మెట్టు మీద ఉంది, పైకి వెళ్లే దారి పెద్దగా లేదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 కూడా 12, 13, 14 తరాలతో ఆగిపోయింది. ఎదుగుదలకు దారి ఉన్నది ఏఎం5కే. దానికి 2027 దాకా, ఆ తర్వాత కూడా మద్దతు ఇస్తామని ఏఎండీ చెప్పింది. కాని ఏఎం5 డీడీఆర్5 ర్యామ్‌తో మాత్రమే నడుస్తుంది, ఆ ర్యామ్ ధరే ఇప్పుడు మండుతోంది.

కాబట్టి టవర్‌కు అరవై వేల లోపు పెట్టేవాళ్లు రైజెన్ 5 5600, బీ550 బోర్డు, డీడీఆర్4 అనే పాత దారిలో వెళ్లి, మిగిలిన డబ్బు కార్డులో పెట్టడం మంచిది. ఎనభై వేలు దాటగలిగినవాళ్లకు ఏఎం5 మీద రైజెన్ 5 7600 సరైన పునాది. మధ్యలో ఉన్నవాళ్లు ఆ రోజు ర్యామ్ ధర అడిగి తేల్చుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఇంటెల్ ఐ7, ఐ9 చిప్‌లు కొనదలచినవాళ్లకు హెచ్చరిక. వాటిలో వోల్టేజీ లోపం వల్ల చిప్‌లు క్రమంగా చెడిపోతున్నట్టు బయటపడి, 2024 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ సవరణ విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అంతకుముందే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు.

మదర్‌బోర్డులో తగ్గవచ్చు. రంగుల హీట్‌సింకులు, గేమింగ్ అన్న ముద్ర ఆటను ఒక్క ఫ్రేమ్ కూడా పెంచవు. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు, కావాలంటే వైఫై ఉంటే చాలు. మరీ చౌకబోర్డుల్లో ఏం కోల్పోతామో తెలుసుకుని కొనాలి. ఏ520 బోర్డు పీసీఐఈ 3.0 దగ్గరే ఆగుతుంది, ఇంటెల్ హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే.

ర్యామ్ 16 జీబీ, రెండు స్టిక్కులుగా. ఒకే 16 జీబీ స్టిక్కు ఇచ్చి "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు అన్నా" అని షాపువాళ్లు చెబుతారు. ఒక్క స్టిక్కుతో ప్రాసెసర్‌కు మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది, ఆట మధ్యలో జర్కులు వస్తాయి. ఇంట్లో డీడీఆర్4 కంప్యూటర్ పాతది ఉంటే దాని ర్యామ్ ఈ రోజుల్లో బంగారమే, అమ్మేయకండి. ఎస్ఎస్‌డీ ఒక టీబీ ఎన్‌వీఎంఈ ఉండాలి. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ ఖాళీ అడుగుతుంది. అందులో మరీ వేగవంతమైన పీసీఐఈ 5.0 తరం వాటికి డబ్బు తగలేయనక్కర్లేదు, ఆటలు తెరుచుకోవడంలో తేడా చాలా స్వల్పం.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్. ఒక్క రూపాయి కూడా తగ్గకూడని చోటు ఇదే. అద్దాల క్యాబినెట్, ఆరు రంగుల ఫ్యాన్లు, వెనకాల క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన పేరులేని ఎస్ఎంపీఎస్: పైన పటారం లోన లొటారం. దాని మీద 450 వాట్లని రాసి ఉంటుంది. అంత భారం పడితే ఎంతసేపు నిలుస్తుందో, వోల్టేజీ ఎగిసినప్పుడు తనను తాను ఆపుకుంటుందో లేదో ఎవరూ పరీక్షించి ఉండరు. అది పోతూ పోతూ బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతుంది. నిజానికి వాట్లు మరీ ఎక్కువ అవసరం లేదు. రైజెన్ 5 5600, ఆర్ఎక్స్ 6600 ఉన్న కంప్యూటర్ ఆటలో లాగేది 250 వాట్ల చుట్టుపక్కలే. ఆ కార్డుకు ఏఎండీ సూచించింది 450 వాట్ల ఎస్ఎంపీఎస్, ఆర్టీఎక్స్ 4060కి ఎన్‌విడియా సూచించింది 550. పేరున్న కంపెనీ 550 వాట్లది, ఐదేళ్ల వారంటీ ఉన్నది కొంటే తర్వాతి కార్డుకు కూడా పనికొస్తుంది.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు కరెంటు ఎంత వృథా అవుతుందన్నది మాత్రమే చెబుతాయి. రక్షణ సర్క్యూట్ల నాణ్యతకు అవి హామీ కావు. పెద్ద పేరు ఒక్కటే చూసి కూడా నమ్మకూడదు. గిగాబైట్ కంపెనీ పీ750జీఎం, పీ850జీఎం అనే గోల్డ్ ముద్ర ఎస్ఎంపీఎస్‌లు పరీక్షల్లో పేలిపోయాయన్న ఆరోపణల తర్వాత, 2021 ఆగస్టులో ఆ కంపెనీయే వాటిని మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. కంపెనీ పేరు తర్వాత మోడల్ పేరు కూడా వెతికి, విడదీసి పరీక్షించినవాళ్లు ఏమన్నారో చదివాకే కొనాలి.

విదేశీ వీడియోల్లో చెప్పని మన సంగతులు మూడున్నాయి. మొదటిది యూపీఎస్. మన ఇళ్లల్లో మామూలుగా వాడే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్ల దాకా. టవర్, మానిటర్ కలిపి ఆట మధ్యలో ఆ హద్దు దాటితే కరెంటు పోయిన క్షణంలోనే అది చేతులెత్తేస్తుంది. గేమింగ్ కంప్యూటర్‌కు 1000 వీఏకి తగ్గకుండా తీసుకోవాలి, దాని ఖర్చు కొటేషన్‌లో ముందే కలుపుకోవాలి. రెండోది ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొడుతోందని పిల్లలు చెబితే కంప్యూటర్‌ను తిట్టకండి. ఎర్త్ వైరు లేని ప్లగ్గులో ఎస్ఎంపీఎస్ ఫిల్టర్‌లోని కరెంటు పోవడానికి దారి లేక రేకు మీదికి వస్తుంది. కొత్త టవర్ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్లగ్గు పరీక్ష చేయించండి. మూడోది ఎండ. ఏసీ లేని గదిలో, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గది వేడి నలభై దాటితే, పాతిక డిగ్రీల గదిలో 70 చూపించే కార్డు 85 చూపిస్తుంది, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ముందువైపు మూసేసిన గాజు పలక ఉన్న క్యాబినెట్ కన్నా జాలీ ఉన్నది మన ఊళ్లకు నయం. దుమ్ము లోపలికి వస్తుంది, నిజమే. నెలకోసారి తుడుచుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌ను కొట్టిపారేయను. తక్కువ డబ్బులో ఎక్కువ సత్తా దొరికేది అక్కడే. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ పద్ధతికి స్వస్తి చెప్పాక, అప్పటిదాకా రాత్రింబగళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా మార్కెట్‌లోకి వచ్చాయి. మైనింగ్ చేసిన కార్డులన్నీ చెడ్డవి కావు. ఫ్యాన్లు, థర్మల్ పేస్టు అరిగిపోతాయి, మెమరీ వేడికి నలిగి ఉంటుంది. అమ్మేవాళ్ల ఇంట్లో, వాళ్ల కంప్యూటర్‌లోనే, కనీసం అరగంట బరువైన ఆట నడిపి చూసి కొనాలి. బిల్లు, మిగిలిన వారంటీ ఉంటే కొంచెం ఎక్కువ ఇచ్చినా ఫరవాలేదు. ఆర్ఎక్స్ 580 పేరుతో దొరికేవాటిలో చాలావరకు 2048ఎస్‌పీ రకం, అసలు 580లోని 2304 యూనిట్లు వాటిలో ఉండవు. పాత సర్వర్ల జియాన్ ప్రాసెసర్లను చైనా ఎక్స్99 బోర్డులకు తగిలించి అమ్మే సెట్లలో కోర్లు పద్నాలుగు దాకా ఉంటాయి. ఒక్కో కోరు వేగం తక్కువ, బోర్డుకు వారంటీ ఉండదు. రెండరింగ్ నేర్చుకునేవాళ్లకు పనికిరావచ్చేమోగాని ఆటలకు నేను వద్దనే అంటాను.

ముప్పై, నలభై వేలకు మించి పెట్టలేని ఇళ్ల సంగతేమిటి? వాళ్లు గేమింగ్ పీసీ కొనలేరని నేననను. రైజెన్ 5 5600జీలో లోపలి గ్రాఫిక్స్ వాలరెంట్‌ను, జీటీఏ 5ను 1080పీలో ఆడనిస్తుంది, రెండోదానికి సెట్టింగులు తగ్గించుకోవాలి. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఇక్కడ రెండు స్టిక్కులు తప్పనిసరి. ఇవాళ ఆ చిప్‌తో మొదలుపెట్టి, మంచి ఎస్ఎంపీఎస్ వేసుకుని, ఏడాది తర్వాత డబ్బు సమకూరినప్పుడు కార్డు చేర్చుకోవచ్చు. చెత్త కార్డుతో ఇప్పుడే తృప్తిపడటం కన్నా ఇది చాలా మంచి దారి. ఆటలు మాత్రమే కావాలి, చదువుకు వేరే ల్యాప్‌టాప్ ఉందనుకుంటే కన్సోల్ కూడా ఆలోచించదగ్గదే. పీఎస్5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది, తర్వాత ధర పెరిగింది. దానికి కొత్త ఆటలు ఒక్కొక్కటి వేలల్లో ఉంటాయి. కంప్యూటర్‌లో ఉచిత ఆటలు, స్టీమ్ సేల్ తగ్గింపులు ఎక్కువ. ఇక హాస్టల్‌కు వెళ్లే ఇంజనీరింగ్ విద్యార్థికి టవర్ మోయడం కుదరదు, ల్యాప్‌టాప్ తప్పదు. అప్పుడు కార్డు పేరు ఒక్కటే చూడకండి. ఆర్టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకరకాలుగా వస్తుంది, వాట్లను బట్టే దాని బలం.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బాబాయో వస్తూ కార్డు తెస్తాననడం మన ఇళ్లల్లో మామూలు మాట. ధరలో లాభం కనిపించవచ్చు. కాని చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది, చెడిపోతే మళ్లీ ఆ దేశానికే పంపాలి. ఎస్ఎస్‌డీ లాంటి చిన్నవాటికి ఆ సాహసం చేయవచ్చు. టవర్ ఖర్చులో మూడో వంతుకు పైగా మింగే కార్డుకు మాత్రం చేయవద్దనే నా సలహా. ఇక్కడి షాపుల్లో జీఎస్టీ బిల్లు లేకుండా తగ్గిస్తామంటే కూడా ఒప్పుకోకండి. 18 శాతం పన్ను భారమే, అయినా మూడేళ్ల తర్వాత సర్వీస్ సెంటర్ ముందు నిలబడ్డప్పుడు చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే. ప్రాసెసర్ సీలు వేసిన బాక్సులో ఉంటే మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. ట్రేలోంచి తీసిచ్చే చిప్‌కు బాధ్యత షాపువాళ్లది మాత్రమే.

కంప్యూటర్ కట్టి ఇచ్చాక అక్కడే మూడు సంగతులు చూడండి. బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేశారా? చేయకపోతే 3200 వేగం ర్యామ్ దానికన్నా నెమ్మదిగా నడుస్తుంది. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా, మదర్‌బోర్డుకు పెట్టారా? విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ నుంచి మానిటర్ పూర్తి హెర్ట్జ్‌కు మార్చారా? ఈ మూడింటికీ ఖర్చు సున్నా.

కొటేషన్ రాయించేటప్పుడు ప్రతి వరుసలో కంపెనీ పేరు, మోడల్ పేరు పూర్తిగా రాయమనండి. బిల్లు మీద సీరియల్ నంబర్లు వేయమనండి. ముఖ్యంగా ఎస్ఎంపీఎస్ వరుసలో వాట్లు మాత్రమే రాసి, మోడల్ రాయడానికి షాపువాళ్లు వెనకాడితే అక్కడ కొనకండి, పక్క షాపుకు వెళ్లండి.